సీసాలో నా సగం

26 ఏప్రిల్ 2006, బుధవారం

పనులు: నల్లా నీళ్ళు ఆరు బిందెలు. బట్టలు పద్దెనిమిది. ఆవకాయకు కాయలు తుడవడం, నలభై. మినప్పప్పు నానబోశాను. ఫ్రిజ్ కడిగాను. ఖమ్మంలో చదువుకుంటున్న మా అమ్మాయి స్తుతికి ఉత్తరం రాశాను, పోస్టులో వేయలేదు. ఖాళీ సీసాలు సోమ్లికి వేయడం అయింది. ఇవాళ కాకుండా ఇంకో రోజు వేయవలసింది.

సోమ్లి మిరపకోతలకు పోయి మూడు నెలలకు ఇవాళే కనబడింది. ఈ క్వార్టర్స్‌లో పాత పేపర్లు, సీసాలు కొనేది ఆమె ఒక్కతే. జనవరి నుంచి అటక మీద దాచిన తొమ్మిది బీరు సీసాలు ఆమె గోనెసంచిలో వేశాను. సంచి అడుగు చివికి ఉంది. నేను చూసుకోవలసింది. గేటు దాటి నాలుగు అడుగులు వేసిందో లేదో అడుగు ఊడి, తొమ్మిదీ రోడ్డు మీద దొర్లాయి. ఒక్కటీ పగల్లేదు.

గృహ ప్రార్థనకు ఇల్లిల్లూ పిలుచుకుంటూ పాస్టరమ్మగారు అప్పుడే మా వీధిలోకి తిరిగారు. కాలి దగ్గరికి వచ్చి ఆగిన సీసాను చూసి అడిగారు.

"ఎవరింట్లోవి ఇవి?"

"గీ అమ్మయే" అంది సోమ్లి, నన్ను చూపించి. "రెండు మూడు నెల్లకోపారి ఏస్తది. గింత మంచిగ కడిగి ఇంకెవ్వలియ్యరు. సూడున్రి, వాసన సుత రాదు." ఒకటి తీసి ఆవిడ ముక్కు దగ్గర పెట్టింది కూడా.

ఈయన షిఫ్టు దిగి వచ్చి అరుగు మీద కాళ్ళు కడుక్కుంటున్నారు. తల ఎత్తి చూశారు. నేను చూస్తుండగానే, చెంబు చేతిలో ఉండగానే అన్నారు.

"వనజకు కిడ్నీల రాయి ఉండె అమ్మగారూ. డాక్టరు తాగుమని చెప్పిండు. మందు లెక్కన. నేనైతే ముట్టను."

ఆవిడ జ్వరం వచ్చిన పిల్లను చూసినట్టు నన్ను చూసి, "ప్రార్థన చేద్దాం వనజా" అని వెళ్ళిపోయారు. మా ఇంట్లోకి రాలేదు.

సాయంత్రం ఫ్రిజ్‌లో పాలగిన్నె వెనక ఉన్న పచ్చ సీసా తీసి మోరీలో పారబోశారు ఈయన. "ఎవరన్న చూస్తె బాగుండదు" అన్నారు. శనివారానికని నేను ఏరి తెప్పించుకున్నది. మార్చి నెల సరుకు. నురుగు చాలాసేపు మోరీలోనే ఉంది.


27 ఏప్రిల్, గురువారం

పనులు: ఆవకాయ కలపడం. వంట. ఇల్లు తుడవడం.

కళ్ళలో కారం పడింది. మధ్యాహ్నం దాకా నీళ్ళు కారుతూనే ఉన్నాయి. కారం వల్లే.


29 ఏప్రిల్, శనివారం

పనులు: బియ్యం ఏరడం. దుప్పట్లు నాలుగు ఉతకడం. పల్లీలు వేయించాను. వేయించాక గానీ గుర్తు రాలేదు ఇవాళ వాటి అవసరం లేదని. డబ్బాలో పోసి మూత పెట్టాను.

శనివారం సాయంత్రం ఆరు గంటలకు మేం చేసేది ఇది: వంటింటి కిటికీ దగ్గరికి వేస్తాం. రెండు స్టీలు గ్లాసులు పక్కపక్కన పెడతాను. బయటి నుంచి ఎవరు తొంగి చూసినా మజ్జిగ అనుకోవాలి. ఒక సీసా. సగం ఆయనకు, సగం నాకు. గంటసేపు కూర్చుంటాం. మిల్లు కాంటా మీద తాను ఆ వారం తూచిన లారీల సంగతులు ఆయన చెబుతారు, నేను వింటాను. అంతే. మిల్లులో బాగా తాగే వాళ్ళు ఒక్క పూటలో తాగేది మేం నెలంతా తాగుతాం.

మొదలైంది నా రాయితోనే. ఆ మాట అబద్ధం కాదు. రెండు వేల రెండు మే నెలలో నడుములో రాయి కదిలి నేల మీద పొర్లాను. దవాఖానాలో నీళ్ళు ఎక్కువ తాగమన్నారు. బీరు తాగమన్నది ఏ డాక్టరూ కాదు, జామాయిలు కర్ర తోలే డ్రైవరు లాల్‌సింగ్. "వదినకు రెండు సీసలు తాపిచ్చు సారూ, రాయి కాదు, గుట్టైనా కరుగుతది" అన్నాడట కాంటా దగ్గర. ఈయన రాత్రికి రాత్రే సీసా పట్టుకొచ్చారు. ముక్కు మూసుకుని మూడు గుక్కలు తాగి, మిగతాది వద్దంటే ఈయనే తాగారు. మూడో వారానికి రాయి పడిపోయింది. నాలుగో వారం శనివారం వచ్చేసరికి ఇద్దరం ఏమీ అనుకోకుండానే గ్లాసులు కడిగి పెట్టాం.

అందులో ఏది మంచిదో ఈయనకు తెలియదు. చల్లగా ఉంటే చాలు. ఒకసారి పరీక్షకని స్ట్రాంగు పోసి లైటు అని చెప్పాను. "అవ్, లైటు మంచిగుంటది" అన్నారు. ఏరడం అంతా నేనే. దుకాణం గడప ఎన్నడూ తొక్కలేదు, చీటీ రాసిస్తాను: ఏ సీసా, ఏ నెల దాటితే వద్దు, ఎండ తగిలే అరలో పెట్టింది వద్దు, వెలుతురుకు పట్టి చూస్తే అడుగున తెట్టు కనిపిస్తే వద్దు. వంతెన అవతలి దుకాణంవాడు "ఈ చీటీ ఎవరు రాస్తరు సార్, మా కంపినీ ఆయనకు సుత గిన్ని తెల్వయ్" అన్నాడట. ఆ మాట ఈయన ఇంటికొచ్చి చెప్పిన రోజు నేను రెండుసార్లు చెప్పించుకున్నాను.

తాగిన ప్రతి రకం సీసా మీది బొమ్మ చీటీ నానబెట్టి ఊడదీసి నోటుబుక్కులో అతికించాను. పక్కన రుచి రాశాను. ఓడ బొమ్మది: మొదటి గుక్క బెల్లం, రెండో గుక్క నుంచి తలనొప్పి, ఎండు రొయ్యలుంటేనే. గంట బొమ్మది: చల్లగా ఉన్నంతసేపు నిమ్మ వాసన, గది వేడికి వస్తే తడిసిన గోనెసంచి, జల్దీగా తాగాలి. పచ్చ సీసా: వేయించిన పేలాల వాసన. చివర కాకర తొక్కంత చేదు. ఆ చేదు గొంతు దిగాక నోట్లో తీపి మిగులుతుంది. ఉప్పు పల్లీలు చాలు, ఇంకేమీ వద్దు.

ఇదంతా ఎందుకు రాస్తున్నానో తెలియదు. నాకేం దాని మీద మనసు లేదు. పారబోసిన తీరుకే కోపం.


30 ఏప్రిల్, ఆదివారం

పనులు: గుడి. వంట. పిడికెడు బియ్యం కొలత అప్పగించడం.

వంట వండేటప్పుడల్లా ప్రతి ఇల్లాలూ ఒక పిడికెడు తీసి పక్కన పెట్టిన బియ్యం ఆదివారం గుడికి తెస్తుంది. పదకొండేళ్ళుగా ఆ బియ్యం కొలిచేది నేను. ఎవరింటి నుంచి ఎంత వచ్చింది, ఏ ముసలమ్మకు ఎంత ఇచ్చాం, అంతా నా దస్తూరిలోనే ఉంది. ఒక్క సోల తేడా రాలేదు.

ఇవాళ ప్రసంగం తర్వాత పాస్టరు అయ్యగారు "దురలవాటు చేతిలో చిక్కిన మన సహోదరి ఒకామె" కోసం ప్రార్థన చేశారు. పేరు చెప్పలేదు. కళ్ళు మూసుకోవలసిన వాళ్ళందరూ తెరిచి నన్నే చూశారు. మగవాళ్ళ వైపు మా ఇంటాయన సంసోను మాత్రం గట్టిగా మూసుకున్నాడు.

సాయంత్రం అయ్యగారు, ఇద్దరు పెద్దలు ఇంటికి వచ్చారు. టీ ఇచ్చాను.

"వనజమ్మగారూ, మీ మీద కోపంతో కాదు. మీరు సంఘం ముందు ఒప్పుకునే దాకా ప్రభు బల్లకు దూరంగా ఉండాలి. బియ్యం కొలత కూడా అప్పటిదాకా వేరే వాళ్ళు చూస్తారు. సంసోనుగారూ, మీకేమైనా అభ్యంతరమా?"

అడిగారు. ఆయన్నే సూటిగా అడిగారు. టీ గ్లాసు కింద పెట్టి నేల చూస్తూ అన్నాడు: "మీరెట్ల చెప్తే గట్లే అయ్యగారూ."

కొలత సోల తోమి, తుడిచి, పుస్తకంతో సహా ఇచ్చేశాను.

నేను నోరు తెరిచి "ఈయనా తాగారు" అని చెప్పగలను. చెప్పను. నేను చెబితే అది చాడీ అవుతుంది. ఆ మాట ఆయన నోటి నుంచే రావాలి. ఇరవై రెండేళ్ళలో ఆయన్ని నేను చీర అడగలేదు, బంగారం అడగలేదు. ఇప్పుడు ఒక్క మాట బాకీ. "నేనూ తాగిన." అంతే. రాసి పెట్టుకుంటున్నాను.


2 మే, మంగళవారం

పనులు: మామూలే. బాకీ అలాగే ఉంది.


5 మే, శుక్రవారం

పనులు: వడియాలు పెట్టాను, రెండు పాత చీరల మీద. కాకుల్ని తోలడం. వంట, ఒక పూటే. రెండో పూట వండలేదు.

వండలేదని అడిగాడు. అప్పుడు అడిగాను.

"డాక్టరు చెప్పిండని ఎందుకన్నరు? లాల్‌సింగ్ పేరు ఎందుకు చెప్పలే?"

"గా టైముల ఏది నోట్లెకొస్తె గదే అన్న."

"ముట్టనన్నది కూడ నోట్లెకొచ్చిందేనా?"

అప్పుడు చెప్పాడు. ఇరవై ఎనిమిదో తారీకున సంఘ పెద్దల ఎన్నిక. ఆయన పేరు ఇచ్చారు. నాకు చెప్పలేదు.

"మా నాయిన ముప్పై ఏండ్లు గా గుడి ఊడ్చిండు వనజా. గంట కొట్టిండు. చాపలు పరిచిండు. ఒక్కనాడు ముందు కుర్చీల కూసో సీతయ్యా అన్నోడు లేడు. చచ్చినంక సుత వెనక గేటు నుంచే పోయిండు. నేను గా కుర్చీల కూసోవాలె. ఒక్కపారి. తర్వాత నువ్వేమన్న అను."

మా మామగారు నాకు తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఆయన చీపురు కట్టలకు ఈత మట్టలు నేనే చీల్చి ఇచ్చేదాన్ని. ఆ ముసలాయన అబద్ధమాడగా నేను ఎన్నడూ వినలేదు. అందుకే అనేశాను.

"మీ నాయిన ఊడ్చిన నేల మీద నిలబడి నువ్వు నన్ను అమ్ముకున్నవు."

నువ్వు అన్నాను. పెళ్ళయ్యాక ఇదే మొదటిసారి. అన్నాక వెనక్కి తీసుకోలేదు.


7 మే, ఆదివారం

పనులు: గుడికి వెళ్ళడం. రావడం. ఇంకే పనీ చేయలేదు.

నెలకోసారి రొట్టె, ద్రాక్షరసం పంచే బల్ల ఆదివారం. రొట్టె పళ్ళెం వరసలోకి వచ్చింది. నాకు ముందున్న ఆమె తీసుకుని, చేయి నా మీదుగా చాచి, నా పక్కనున్న ఇన్నమ్మకు ఇచ్చింది. తర్వాత చిన్న గ్లాసుల పళ్ళెం కూడా అలాగే నా మీదుగానే దాటింది. ద్రాక్షరసం వాసన తగిలింది.

ఇన్నమ్మకు డెబ్బై ఏళ్ళు దాటాయి. చెవులు సరిగా వినబడవు కాబట్టి లోకమంతా చెవిటిదే అనుకుని మాట్లాడుతుంది. "ఏంది బిడ్డా, నువ్వెందుకు దీస్కోలే? కడుపుల బాగలేదా?" అని గుడి కప్పు ఎగిరేలా అడిగింది. ఎవరో వెనక నుంచి ఆమె చెవిలో చెప్పారు. ఆమె నా వైపు తిరిగి, అదే గొంతుతో, "బీరా? గంతేనా! నేనేదో అనుకున్న" అంది. ముందు వరసలో స్త్రీల భుజాలు కదిలాయి. నాకు నవ్వు రాలేదు.

మగవాళ్ళ వైపు చూశాను. చూడకూడదనుకునే చూశాను. సంసోను గ్లాసు తీసుకున్నాడు. ఎత్తి తాగాడు. ఒక్క గుక్క. మూతి తుడుచుకున్నాడు.

మా ఇంట్లో దాచిన సీసాకు భయపడిన మనిషి, అక్కడ ఏ భయమూ లేకుండా తాగాడు.

ఇంటికి వస్తూ రోడ్డుకు అటు పక్క ఆయన, ఇటు పక్క నేను. మిల్లు లారీలు మధ్యలోంచి పోతున్నాయి.


8 మే

బాకీ అలాగే ఉంది.


13 మే, శనివారం

పనులు: స్తుతి వచ్చింది, నర్సింగు కాలేజీకి సెలవులు. దాని బట్టలు ఉతికాను, ఇరవై రెండు. కోడి కూర. తలకు నూనె పెట్టాను.

దానికి అప్పటికే తెలుసు. ఖమ్మం బస్సు దిగిన చోటే ఎవరో చెప్పారట, మీ అమ్మకు గిట్లయిందని. నూనె పెట్టించుకుంటూ అడిగింది.

"అమ్మా, రాయికి బీరు మందని నీకు ఎవలు చెప్పిండ్రు?"

"లాల్‌సింగ్."

"లారీ లాల్‌సింగా? ఆయన మీ వార్డు డాక్టరా?" పడి పడి నవ్వింది. తర్వాత పాఠం చెప్పినట్టు చెప్పింది. రాయి కరిగేది ఏమీ ఉండదట. చిన్న రాయి నీళ్ళు తాగితే దానంతట అదే పడిపోతుందట. బీరు తాగినా పడేదే, తాగకపోయినా పడేదే. "నీళ్ళు పోయినట్టు పోయిందమ్మా అది. నాలుగేండ్లు ఉత్తగనే తాగిండ్రు."

నాకు ఎంత కోపం వచ్చిందో! దాని జడ గట్టిగా లాగాను. "అబ్బా!" అని అరిచింది.

"మరి రాయి పోయినంక ఎందుకు తాగినవమ్మా?"

దువ్వెన ఆగింది. ఇన్ని రోజులుగా ఎవరూ అడగని ప్రశ్న. అయ్యగారు అడగలేదు, పెద్దలు అడగలేదు, నన్ను నేనూ అడగలేదు.

"మంచిగుంటది కాబట్టి" అన్నాను.

స్తుతి వెనక్కి తిరిగి నన్ను చూసింది. ఈసారి నవ్వలేదు. "గదే చెప్పు మరి" అంది.

ఇంతకు ముందు ఈ పుస్తకంలోనే, నాకు దాని మీద మనసు లేదని రాశాను. ఆ ముక్క కొట్టేస్తున్నాను. వారమంతా నేను ఆ గంట కోసమే పని చేశాను. అందులో సగం సీసాది, సగం ఆ మనిషిది. రెండూ ఒక్క రోజే మోరీలో పోయాయి.


20 మే, శనివారం

పనులు: స్తుతిని బస్సు ఎక్కించడం. అటక దులపడం. నీళ్ళ ట్యాంకు కడగడం.

ఆరు గంటలకు సంసోను టిఫిను సంచిలోంచి సీసా తీసి బల్ల మీద పెట్టాడు. న్యూస్‌పేపరులో చుట్టి ఉంది. రాజీకి తెచ్చాడు. ఓడ బొమ్మది. జనవరి నెలది. చీటీ లేకుండా పోతే అంతే మరి.

"కూలింగుంది" అన్నాడు.

మూత తీశాను. రెండు గ్లాసులు కడిగి తెచ్చాను. ఆయన ముఖం విప్పారింది. సమానంగా పోశాను. ఆయన చేయి చాచాడు.

"నువ్వు ముట్టవు గదా" అన్నాను.

చేయి అక్కడే ఆగింది.

"వనజా."

"అమ్మగారితోని చెప్పినవు, అయ్యగారి ముందల ఊకున్నవు. మాట మీద నిలబడు."

నా గ్లాసు నేను తాగాను. ఒక్కో గుక్కా. బాగాలేదు. పాతబడిన బెల్లం, దాని వెనక ఇనుము. అయినా ఆఖరి చుక్క దాకా తాగాను. ఆయన గ్లాసు ఆయన ముందే ఉంది. నురుగు దిగింది. బుడగలు ఆగాయి. ఏడు గంటలకు అది చల్లారిన కషాయంలా ఉంది. కుర్చీలోంచి లేవనూ లేదు, ముట్టనూ లేదు.

"ఒక్క మాట చెప్తె అయిపోతది. అయ్యగారి దగ్గరికి పోదాం, ఇద్దరం పోదాం" అన్నాను. నా గొంతు నాకే మెత్తగా వినిపించి చిరాకేసింది.

"ఇరవై ఎనిమిది దాటనియ్" అన్నాడు.

గ్లాసు ఎత్తి మోరీలో పారబోశాను. ఈసారి నేను.


28 మే, ఆదివారం

పనులు: గుడి. చుట్టాలకు టీ, పదిహేడు గ్లాసులు. అన్నీ కడగడం.

గెలిచాడు. చేతులు ఎత్తమన్నారు, ఎత్తారు. "కాంటా సంసోను, కిలో తేడా రానీయడు" అని ఎవరో అన్నారు, అందరూ చప్పట్లు కొట్టారు. బల్లకు దూరం పెట్టిన వాళ్ళకు చెయ్యెత్తే హక్కు లేదు. నేను చేతులు ఒళ్ళో పెట్టుకున్నాను.

ఆయన ముందు కుర్చీలో కూర్చున్నాడు. కూర్చునేటప్పుడు చేత్తో కుర్చీ పట్టీ తడిమాడు. అప్పుడు మామగారు గుర్తొచ్చారు. ఒక్క క్షణం నా కోపం ఎటు పోయిందో తెలియలేదు. మళ్ళీ వచ్చింది.

అయ్యగారు ప్రకటించారు: వచ్చే ఆదివారం, జూను నాలుగున, సహోదరి వనజ ఒప్పుకోలు. ఆ తర్వాత బల్ల. కొత్త పెద్ద సంసోను పళ్ళెం అందిస్తారు.

చుట్టాలు పోయాక దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

"గిప్పుడు బయటపడితె నా ఒక్కని పరువే కాదు. అయ్యగారిది పోతది, సంఘానిది పోతది. నీ వంతు వరకే చెప్పు వనజా. నన్ను ఇడిసిపెట్టు."

ఇరవై ఎనిమిది దాటింది.

"సరే. నా వంతు వరకే చెప్త" అన్నాను.


3 జూన్, శనివారం

పనులు: ఒప్పుకోలు కాగితం రాయడం, ఉదయం పది నుంచి ఒంటిగంట దాకా. వంట. ఆయన తెల్ల చొక్కా ఇస్త్రీ.

ఒప్పుకునేదేదో సరిగ్గా ఒప్పుకోవాలి. "తెలిసీ తెలియక తప్పు చేశాను" అని గాలి మాటలు నాకు రావు. చీటీల నోటుబుక్కు దగ్గర పెట్టుకుని లెక్క తీశాను. రెండు వేల రెండు మే నుంచి. ఈస్టరుకు ముందు శ్రమకాలం నలభై రోజులు ఏటా మానేసినవి తీసేశాను. దుకాణం మూసిన శనివారాలు, మా అమ్మ పోయిన నెల, చుట్టాలున్న రోజులు తీసేశాను. నూట నలభై మూడు సీసాలు తేలాయి. ప్రతి సీసాలో నా వంతు సగం.

అడిగినట్టే నా వంతే రాశాను. వేరే పేరు ఒక్కటి లేదు.

ఆయనకు ఇచ్చాను చదవమని. కళ్ళద్దాలు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. "నా ముచ్చట లేదు. మంచిగ రాసినవు" అన్నాడు. మడిచి ఇచ్చాడు.

రోజూ లారీ మొత్తం బరువు రాసి, ఖాళీ బరువు రాసి, మిగిలింది ఎంతో నోటితో చెప్పే మనిషి.

నేను ఏమీ అనుకోలేదు. లెక్క లెక్కలా రాశాను.


4 జూన్, ఆదివారం

పనులు: గుడి. ఒప్పుకోలు.

పదిన్నరకు అయ్యగారు పిలిచారు. ముందుకు వెళ్ళి నిలబడ్డాను. బల్ల మీద తెల్లగుడ్డ. దాని పక్కన ఇస్త్రీ చొక్కాలో సంసోను, చేతిలో రొట్టె పళ్ళెం. నాకూ ఆయనకూ మధ్య రెండడుగులు. కాగితం విప్పాను.

చదివాను. "నేను, వనజ, సంఘం ముందు ఒప్పుకుంటున్నాను. రెండు వేల రెండు మే నెల నుంచి మా ఇంట్లో శనివారం సాయంత్రాలు బీరు తాగాను. మొదట మందనుకున్నాను. రాయి పోయాక కూడా తాగాను, రుచి నచ్చింది కాబట్టి. మొత్తం నూట నలభై మూడు శనివారాలు. ప్రతి శనివారం సగం సీసా. నా వంతు డెబ్బై ఒకటిన్నర సీసాలు. ఇందులో ఎక్కువ తక్కువలు లేవు."

అయ్యగారు ప్రార్థనకు చేయి ఎత్తారు. అప్పుడు ఇన్నమ్మ.

"సగమా?"

పక్కనున్న ఆమె ఇన్నమ్మ మోచేయి పట్టుకుంది. ఆమె విదిలించుకుంది.

"గట్ల కాదుర, నాకు సమజ్ కాక అడుగుతున్న. సీస ఇప్పినంక సగమే తాగితె తతిమ్మ సగం ఏంజేసినవు బిడ్డా? గది దాసిపెడితె నిలవది గదా. పారబోసినవా? నూట నలభై సగాలు పారబోసినవా, గింత పొదుపు మనిషివి?"

ఎవరో నవ్వారు. నవ్వు ఆగింది. మగవాళ్ళ వైపు తలలు ఒక్కొక్కటే సంసోను వైపు తిరగడం కనిపించింది.

"ఇన్నమ్మగారూ, కూర్చోండి" అన్నారు అయ్యగారు. నా వైపు తిరిగి, "వనజమ్మగారూ, ఆ సంగతి..." అని ఆగిపోయారు.

"నా వంతు వరకే చెప్పమన్నరు అయ్యగారూ" అన్నాను. "నా వంతు అయిపోయింది."

కాగితం మడిచాను. మడిచాక ఇంకో మాట నోట్లోకి వచ్చింది. అది కాగితంలో లేదు, నోటుబుక్కులోనూ లేదు. ఎన్నడూ ఎక్కడా రాయలేదు.

"ఒక తప్పు రాయలే. పచ్చ సీస ఉన్నప్పుడు సగం కాదు. నాకు ఒక ఏలు మందం ఎక్కువ పోసుకున్న. ప్రతిసారి."

ఎవరికీ అర్థం కాలేదు. ఒక్కరికి అయింది. సంసోను నన్ను చూశాడు. నలభై రోజుల్లో మొదటిసారి నేలనో గోడనో కాక నన్ను.

పళ్ళెం చాలా నెమ్మదిగా బల్ల మీద పెట్టాడు, కాంటా మీద రాయి పెట్టినట్టు. తెల్లగుడ్డ అంచు సవరించాడు.

"మిగిలిన సగం నేను తాగిన" అన్నాడు. గొంతు బయటికి రాలేదు. అయ్యగారు "ఏమిటి?" అన్నారు. రెండోసారి గట్టిగా అన్నాడు, ఇన్నమ్మకు కూడా వినబడేలా. "నూట నలభై రెండు సగాలు నేను తాగిన. సీస తెచ్చింది నేనే. ముట్టనని అబద్ధమాడి ఆమె నెత్తిన పెట్టిన. పోయిన నెల ఈ బల్ల సుత అబద్ధంతోనే తీసుకున్న."

నూట నలభై రెండు. పోయిన నెల ఇరవయ్యో తారీకున తన ముందు పోసిన సగం తీసేశాడు. అది మోరీలో పోయింది కదా.

ముందు కుర్చీ వైపు చూడలేదు. మగవాళ్ళ వైపు చివరి చాప దాకా నడిచి వెళ్ళి, మామగారు గంట తాడు పట్టుకుని కూర్చునే మూల దగ్గర కూర్చున్నాడు.

అయ్యగారు కాసేపు కళ్ళు మూసుకున్నారు. తర్వాత పళ్ళెం తానే తీసుకుని నా దగ్గరికి వచ్చారు. తీసుకున్నాను. సంసోను ఇవాళ తీసుకోలేదు.

పాస్టరమ్మగారు గుమ్మం దగ్గర నా చేయి పట్టుకుని ఏదో అనబోయారు. "వచ్చే ఆదివారం సోల, పుస్తకం తీసుకురండి అమ్మగారూ. నెల రోజుల లెక్క చూడాలె" అన్నాను. మెత్తగా అనలేదు.

ఇంటికి రోడ్డుకు ఒకే పక్కన నడిచాం. గేటు దగ్గర అన్నాడు.

"ఒక ఏలా?"

"అవ్."

"నాలుగేండ్ల సంది?"

"నీకు తెల్వది గదా, స్ట్రాంగు పోసి లైటంటె లైటనెటోనివి."

ముఖం తిప్పుకున్నాడు. నవ్వో ఏడుపో నేను చూడలేదు. చూడాలనిపించలేదు కూడా. కోపం ఉంది, చాలా ఉంది. ఇది ఒక్క రోజులో పోయే కోపం కాదు.

మధ్యాహ్నం కాగితం తెచ్చి, పెద్దరికానికి రాజీనామా రాసిపెట్టమన్నాడు, నా దస్తూరి బాగుంటుందని. పెన్ను ఇచ్చి ఆయన్నే రాసుకోమన్నాను. గంటసేపు కూర్చుని రాసుకున్నారు. మూడు తప్పులున్నాయి. దిద్దలేదు.

ఈయన నాకు బాకీ ఉన్న మాట ఒక్కటి: ఈ రోజు పదీ నలభైకి, సంఘమంతా వినగా, ఈయన నోటితోనే ముట్టింది. చెల్లు.